పావురానికి మలేరియా, అపార్ట్‌మెంట్‌కి జ్వరం

పోయిన నెల మూడో ఆదివారం. వారమంతా రిలీజ్ పని మీద రాత్రిళ్లు మేలుకుని, ఆ ఒక్క రోజైనా పదింటిదాకా పడుకుందామనుకుంటే ఏడింటికే కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే మా వాచ్‌మన్ గారబ్బాయి. తొమ్మిదో తరగతి. చేతిలో చెప్పుల డబ్బా, డబ్బాలో పాత బనియన్ గుడ్డ, గుడ్డ మధ్యలో ఒక తెల్ల పావురం.

"అన్నా, రెండు రోజులసంది గింజ ముడ్తలేదు, ఎగుర్తలేదు. జర ఇంటర్నెట్ల చూడవా?"

మా టెర్రస్ మీద వాటర్ ట్యాంక్ పక్కన వాడికో పావురాల గూడు ఉంది. వాళ్ల మామ పాతబస్తీ నుంచి ఒక జత తెచ్చిస్తే, అవి పెరిగి ఇప్పుడు పదకొండయ్యాయి. వాడికి మార్కులు ఎన్నొచ్చాయో గుర్తుండదు గానీ ఏ పావురం ఏ రోజు గుడ్డు పెట్టిందో గుర్తుంటుంది. ఇంటర్నెట్‌లో చూసి పావురానికి వైద్యం చేసేంత ధైర్యం నాకు లేదు. బైక్ తీసి, ఆదివారం కూడా తెరిచి ఉండే ఒక పశువుల డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లాను.

డాక్టర్ గారు రెక్క ఎత్తారో లేదో, ఈకల సందులోంచి ఒక ఈగ అచ్చం పీతలా పక్కకి పరిగెత్తింది. ఎవరో కాలితో తొక్కి వదిలేసినట్టు బల్లపరుపుగా ఉంది. మావాడికి అది కొత్తేం కాదు. "గవి మస్తుంటయ్ సార్, ఏం జెయ్యవు" అన్నాడు. ఆయన నవ్వి, "చేసేదంతా అవేరా నాన్నా" అన్నారు.

రెక్క కింద నరం నుంచి చుక్క రక్తం తీసి, గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి మమ్మల్ని కూడా చూడమన్నారు. లేత గులాబీ రంగులో కోలగా కణాలు, ఒక్కోదాని మధ్యలో ఊదా రంగు చుక్క. మన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదని ఇంటర్‌లో చదువుకున్నాం కదా, పక్షులకి ఉంటుంది. ఆ చుక్కే కేంద్రకం. కొన్ని కణాల్లో మాత్రం ఆ చుక్కని చెయ్యి వేసి చుట్టేసినట్టు, నెలవంకలాంటిది ఇంకోటి ఉంది. దాని ఒంటి నిండా నల్లటి నలుసులు.

"దీన్ని హీమోప్రోటియస్ అంటారు. పావురాల మలేరియా అని కూడా అంటారు. అసలు మలేరియా కాదు, దాని దాయాది. మనుషులకి రాదు, కంగారు పడకండి" అని మందు రాసిచ్చారు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. తప్పు నేను చేశాను. తిరిగొస్తూ సిగ్నల్ దగ్గర ఫోన్ చూస్తే, అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ గారు "పైన పావురానికి ఏదో రోగమట, ఏంటి సంగతి?" అని అడిగారు. నేను "డాక్టర్‌కి చూపించాం సార్. పావురాల మలేరియా అట" అని కొట్టేసి ఫోన్ జేబులో పడేశాను. గ్రీన్ పడింది. ఆయన చెప్పిన రెండో సగం కొట్టలేదు.

ఇంటికొచ్చేసరికి నలభై మూడు మెసేజ్‌లు. "పిల్లలున్న ఇల్లు", "దోమలు అక్కడి నుంచే వస్తున్నాయన్నమాట", "వెంటనే తీసేయించండి". ఎవరో ఒకాయన డెంగ్యూ కూడా కలిపేశారు. ఆఫీసులో టెస్ట్ చెయ్యకుండా ఒక్క లైను కోడ్ పంపిస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఇక్కడా అదే అయింది. పావురాలు ఉండాలా వద్దా అన్నది వచ్చే ఆదివారం మీటింగ్‌లో తేలుస్తామన్నారు. తేలేదేముంది, తీసేయమంటారు.

సాయంత్రం వాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఇడిచిపెడ్తా అన్నా. దూరం తీస్కపోయి చెర్వు కాడ ఇడిచిపెడ్తా. యాడన్న బత్కుతయ్" అన్నాడు. నేను పెద్దరికంగా "అదే మంచిదేమోలేరా" అన్నాను. అన్నాక మనసొప్పలేదు. ఆ వారం రాత్రిళ్లు కూర్చుని చదివాను. చదివిందే ఈ వారం మీతో పంచుకుంటున్నాను.

ముగ్గురు దాయాదులు

పక్షుల రక్తంలో బతికే ఇలాంటి పరాన్నజీవులు ముఖ్యంగా మూడు కుటుంబాలు. మొదటిది ప్లాస్మోడియం, అసలు మలేరియా ఇదే. దీన్ని దోమ మోస్తుంది. రెండోది మా పావురానికి ఉన్న హీమోప్రోటియస్. దీన్ని మోసేవి ఆ బల్లపరుపు ఈగలు, ఇంకా నుసిమల్లాంటి చిన్న కుట్టే పురుగులు. మూడోది ల్యూకోసైటోజూన్. దీన్ని ఎక్కువగా పారే నీళ్ల దగ్గర పెరిగే నల్ల ఈగలు మోస్తాయి. పావురాల జబ్బు ఈగ వల్లే వస్తుందని ఫ్రెంచ్ అన్నదమ్ములు సెర్జెంట్‌లు 1906లో అల్జీరియాలో నిరూపించారు. అంటే మావాడు "ఏం జెయ్యవు" అన్న ఈగ మీద నూరేళ్లకి పైగా కేసు నడుస్తోంది.

అసలు సంగతి ఏంటంటే, అడవిలో తిరిగే పక్షుల్లో చాలావాటి రక్తంలో ఇవి ఎప్పుడూ ఉంటూనే ఉంటాయి. ఉన్నా పక్షి ఎగురుతుంది, గూడు కడుతుంది, పిల్లల్ని పెంచుతుంది. వేల ఏళ్ల సహవాసంలో పక్షి దాన్ని భరించడం నేర్చుకుంటుంది, అది కూడా పక్షిని వెంటనే చంపేయదు. ఇంటి ఓనరు చచ్చిపోతే అద్దెకున్నవాడికీ నష్టమే కదా. గొడవంతా కొత్త పక్షికి పాత పరాన్నజీవి తగిలినప్పుడు వస్తుంది.

కోళ్లనే తీసుకోండి. ప్లాస్మోడియం గల్లినేసియం అనే రకం అడవికోడి ఒంట్లో పెద్దగా చప్పుడు చెయ్యకుండా ఉంటుంది. అదే జబ్బు పెంపుడు కోళ్లకి తగిలితే గుంపులు గుంపులుగా పోతాయి. పెంగ్విన్‌లైతే ఇంకా పాపం. దోమలు అంతగా లేని సముద్ర తీరాల్లో పెరిగిన జాతులు. వాటిని తెచ్చి జూలో ఆరుబయట పెడితే, ఆ ఊరి పిచ్చుకల ఒంట్లో హాయిగా ఉన్న మలేరియాని దోమ తెచ్చి వీటికి ఎక్కిస్తుంది. నిన్నటిదాకా ఈత కొట్టిన పక్షి ఇవాళ లేవదు. అందుకే చాలా జూలలో దోమల కాలం రాగానే పెంగ్విన్‌లకి మలేరియా మాత్రలు చేపలో పెట్టి తినిపిస్తారు.

మా పావురాల విషయంలో, పెద్ద పక్షులు హీమోప్రోటియస్‌ని మామూలుగా తట్టుకుంటాయి. గూట్లో పిల్లలు, తిండి తక్కువైనవి, ఇరుకులో పెరిగేవి తట్టుకోలేవు. వాటర్ ట్యాంక్ సందులో పదకొండు పక్షులంటే ఇరుకే.

పిచ్చుకల పుణ్యం

బేగంపేట పాత ఎయిర్‌పోర్టు దగ్గర రొనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది. ఆఫీసుకెళ్తూ దాని పక్కనుంచి ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు. మలేరియా దోమ వల్ల వస్తుందని మన సికింద్రాబాద్‌లో కనిపెట్టారు అని మనం గర్వంగా చెప్పుకుంటాం. అది సగం కథ.

రాస్ గారు అల్మోరాలో పుట్టిన ఆంగ్లేయుడు, సైన్యంలో డాక్టరు. 1895లో సికింద్రాబాద్ వచ్చారు. రెండేళ్లు దోమల్ని కోస్తూనే ఉన్నారు, ఏమీ దొరకలేదు. చివరికి హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించారు. కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా కూలి. 1897 ఆగస్టు 20న, రెక్కల మీద మచ్చలున్న అలాంటి దోమ కడుపు గోడలో ఆయనకి మలేరియా క్రిమి కనిపించింది. అందుకే ఆగస్టు 20 ప్రపంచ దోమల దినోత్సవం.

అయితే దోమ కడుపులోకి వెళ్లిన క్రిమి మళ్లీ ఇంకో మనిషికి ఎలా చేరుతుంది? ఆ జవాబు సికింద్రాబాద్‌లో దొరకలేదు. ఆయన్ని రాజపుతానాకి బదిలీ చేశారు. అక్కణ్నుంచి 1898లో కలకత్తా చేరారు. అక్కడేమో ప్లేగు భయం. సూది పట్టుకున్న డాక్టర్ని చూస్తేనే జనం పారిపోతున్నారు. మనుషులు దొరక్క ఆయన పక్షుల వైపు తిరిగారు. పిచ్చుకలు, భరతపక్షులు, కాకులు, పావురాలు. పక్షులు పట్టడానికి, దోమలు పెంచడానికి సాయం చేసింది మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు.

జబ్బు పిచ్చుకని కుట్టిన దోమల్ని రోజుకి కొన్ని చొప్పున కోస్తూ పోతే, ఆ ఏడాది జూలైలో సంగతి బయటపడింది. కడుపు గోడలో పెరిగిన క్రిములు పగిలి, దోమ ఒళ్లంతా తిరిగి, చివరికి లాలాజల గ్రంథిలో చేరుతున్నాయి. అంటే కుట్టేటప్పుడే ఎక్కిస్తోందన్నమాట. ఆ దోమల్ని ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకల మీదకి వదిలితే వాటిలో ఎక్కువ భాగం జబ్బు పడ్డాయి. చక్రం పూర్తయింది. 1902లో నోబెల్ వచ్చింది. మనుషుల మలేరియా కూడా ఇదే దారిలో, అనాఫిలిస్ దోమతో వస్తుందని ఇటలీవాళ్లు 1898 చివర్లోనే చూపించారు గానీ, దారి మొదట కనిపించింది పిచ్చుకలోనే.

నానమ్మ కాలు

ఇది చదువుతుంటే నన్ను ఆపేసిన మాట ఒకటుంది. సికింద్రాబాద్‌లో రాస్ కోసింది మచ్చల రెక్కల అనాఫిలిస్. కలకత్తాలో పిచ్చుకల దగ్గర వాడింది మాత్రం బూడిద రంగు మామూలు దోమ. ఇవాళ దాన్ని క్యూలెక్స్ క్విన్‌క్వెఫాసియాటస్ అంటున్నారు. పేరు భయపెట్టినా మనిషి మనకి బాగా తెలిసినవాడే. మురుగు కాలవలో, సెప్టిక్ ట్యాంకులో పుట్టి, రాత్రి చెవి దగ్గర పాడేది ఇదే.

మా ఊరు తూర్పుగోదావరి జిల్లా. మా నానమ్మకి బోదకాలు. కుడి కాలు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ చీర కుచ్చిళ్లు నేలని తుడుస్తూనే ఉండేవి, ఎవరికీ కాలు కనబడకూడదని. పెళ్లిళ్లకి వెళ్లేది కాదు. వెళ్లినా చెప్పులు విడిచే చోట ఇబ్బంది పడేది. ఆ నీళ్లు తాగితే వస్తుందని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. చిన్నప్పుడు హెల్త్ వాళ్లు రాత్రిపూట వచ్చి వేలి మీద సూదితో గుచ్చి రక్తం తీసుకునేవాళ్లు. పగలు రాకూడదా అని విసుక్కునేవాళ్లం. ఆ పురుగు పిల్లలు రాత్రివేళే రక్తంలోకి వస్తాయని, రాత్రి కుట్టే దోమ కోసం అలా కాచుకుని ఉంటాయని ఇప్పుడు తెలిసింది.

ఆ దోమ ఈ క్యూలెక్సే. దీని ఒంట్లో ఫైలేరియా పురుగు పెరుగుతుందని 1877లోనే చైనాలో అమోయ్ అనే రేవులో ఉన్న ప్యాట్రిక్ మ్యాన్సన్ అనే డాక్టరు కనిపెట్టారు. తర్వాత లండన్‌లో రాస్‌కి "మలేరియా కూడా దోమలోనే వెతుకు" అని దారి చూపిన గురువు ఈయనే. నానమ్మ కాలు, కలకత్తా పిచ్చుక, రెండూ ఒకే దోమ చేసిన పని.

నానమ్మ పోయి ఆరేళ్లయింది. ఈ మాట ఆవిడకి చెప్పి ఉంటే కాలు తగ్గేది కాదు గానీ, తన పాపం ఏదో ఉందని అనుకోవడం మానేసేదేమో.

దోమ లేని దీవులు

ఈ దోమ చేసిన ఇంకో పని చెప్పాలి. పసిఫిక్ మహాసముద్రం నడిమధ్య హవాయి దీవులున్నాయి. 1826కి ముందు అక్కడ దోమ అన్నదే లేదు. దోమలేని ఊరు ఊహించుకోండి! ఆ ఏడాది వెల్లింగ్టన్ అనే ఓడ మౌయి దీవిలో లహైనా రేవుకొచ్చి, మంచినీళ్లు నింపుకోవడానికి పాత పీపాలు అక్కడి వాగులో కడిగిందట. పీపా అడుగున మిగిలిన నీళ్లలో ఉన్న దోమ పిల్లలు ఆ దీవిలో దిగాయి. అవి ఈ క్యూలెక్సే.

దోమ ఒక్కటే వచ్చి ఉంటే దురదతో పోయేది. తర్వాతి దశాబ్దాల్లో జనం బయటి దేశాల నుంచి పంజరాల్లో పక్షుల్ని తెచ్చారు. కొన్ని వేట కోసం, కొన్ని కోళ్ల ఫారాల కోసం, కొన్ని కేవలం ఊళ్లో పాట వినిపించాలని. 1930లో హోనొలులులో హుయి మను అని ఒక సంఘం పెట్టి మరీ పాడే పక్షుల్ని తెప్పించి తోటల్లో వదిలారు. ఇలా బయటి నుంచి వచ్చిన పక్షుల రక్తంలోనే ప్లాస్మోడియం రెలిక్టమ్ కూడా ఆ దీవులకి చేరిందని శాస్త్రవేత్తల అంచనా. రాస్ పిచ్చుకల్లో చూసింది కూడా అదే క్రిమి అంటారు. మోసేది ముందే దిగింది, మూట తర్వాత వచ్చింది.

అక్కడి సొంత పక్షుల్లో హనీక్రీపర్లు అని ఒక కుటుంబం ఉంది. ఒక్కో పువ్వుకి తగ్గట్టు ఒక్కో ముక్కు. ఒకప్పుడు యాభైకి పైగా జాతులు, ఇప్పుడు మిగిలింది పదిహేడు. అడవులు నరకడం, ఎలుకలు, పిల్లులు, పందులు కూడా కారణాలే గానీ, మలేరియా అందులో పెద్ద వాటా తీసుకుంది. ఇఇవి అనే ఎర్ర పక్షిని జబ్బు దోమ ఒక్కసారి కుడితే, పదింటికి తొమ్మిది చచ్చిపోతాయి. లక్షల ఏళ్లు దోమ మొహమే చూడని ఒళ్లు మరి.

రిచర్డ్ వార్నర్ అనే శాస్త్రవేత్త దోమలు లేని లేసన్ దీవి నుంచి పక్షుల్ని తెచ్చి కింది ప్రాంతంలో ఉంచి చూశారు. దోమలు తగిలినవి జబ్బు పడి చచ్చిపోయాయి. ఆ పరిశోధన 1968లో అచ్చయింది. మిగిలిన పక్షులు బతికేది కొండల మీదే. ఎత్తుకి వెళ్లేకొద్దీ చలి. సుమారు 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే దోమ ఒంట్లో ఆ క్రిమి ఎదగదు. అంటే అవి బతుకుతున్నది ఒక టెంపరేచర్ గీత పైన. భూమి వేడెక్కుతోంది, గీత పైకి జరుగుతోంది. కొండ మాత్రం పెరగదు కదా.

పంజరంలో పుట్టినా, అడవిలో పుట్టినా

మావాడు "చెర్వు కాడ ఇడిచిపెడ్తా" అన్నాడు చూడండి, ఆ మాట మీద నా మనసు మార్చింది ఇక్కడి కథే.

మౌయి దీవిలో కివికియు అని చిలక ముక్కున్న చిన్న పసుపు పక్షి ఉంది. ఉన్నవి కొద్ది, ఉన్నది ఒక్క చోట. రెండో చోట కూడా కాపురం పెట్టిస్తే మంచిదని, హలేయకలా కొండకి ఇంకోవైపు నకులా అనే చోట ఏళ్ల తరబడి మొక్కలు నాటారు, ఎలుకల్ని పట్టారు, కంచె కట్టారు. 2019 అక్టోబరులో పద్నాలుగు పక్షుల్ని అక్కడికి చేర్చారు. ఏడు అడవిలో పట్టినవి, ఏడు పెంపక కేంద్రంలో పుట్టి పెరిగినవి.

కొన్ని వారాల్లోనే ఒక్కొక్కటీ రాలిపోవడం మొదలైంది. రక్తం చూస్తే మలేరియా. అంత ఎత్తులో దోమ బెడద ఆ స్థాయిలో ఉండదనుకున్నారు, దోమ అప్పటికే పైకి ఎక్కేసింది. పంజరంలో పుట్టిందని ఒకదాన్ని, అడవిలో పుట్టిందని ఇంకోదాన్ని అది వదల్లేదు. చాలావరకు పోయాయి. 2021లో మాత్రం ఒక పక్షి ఆ అడవిలోనే సజీవంగా కనిపించింది. అది ఎలా తట్టుకుందో అన్న ఆశ ఒకటి అక్కడ మిగిలింది.

కౌవాయి దీవిలో అకికికి అనే పక్షికి 2023 నాటికి అడవిలో మిగిలినవి అయిదే. గుడ్లు తెచ్చి పొదిగించి, దోమ దూరని వలల గదుల్లో కొన్ని పదుల పక్షుల్ని పెంచుతున్నారు. ఆరోగ్యంగా ఉన్నాయి, గుడ్లు పెడుతున్నాయి. వదలడానికి మాత్రం చోటు లేదు. తలుపు తీస్తే బయట దోమ. 2023 ఆగస్టు 8న లహైనా ఊరంతా తగలబడిపోయిన రోజునే, మౌయిలోని ఆ పక్షుల కేంద్రం దాకా కూడా మంట వచ్చింది. అక్కడి సిబ్బంది పైపులు పట్టుకుని ఆర్పుకున్నారు. దోమ దిగిన ఊరూ, దోమ నుంచి పక్షుల్ని దాచిన ఇల్లూ, ఒకే రోజు మంటల్లో.

పంజరం తలుపు తీసి వదిలేస్తే పుణ్యమని మనం అనుకుంటాం. పుణ్యం మాట ఎలా ఉన్నా, వదిలేది పక్షిని ఒక్కదాన్నే కాదు. దాని రక్తాన్ని, ఈకల్లో ఉన్న ఈగల్ని కూడా వదులుతున్నాం. అది బయట తిండి వెతుక్కోలేక చావచ్చు, బయట ఉన్న జబ్బు దానికి రావచ్చు, దాని జబ్బు బయటివాటికి పోవచ్చు. ఈ మూడింటిలో ఏదీ మనకి కనబడదు. కనబడేది అది ఎగిరిపోయిన ఆ ఒక్క నిమిషమే. అందుకే మనకి హాయిగా ఉంటుంది.

కుదరని జత

హవాయివాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. క్యూలెక్స్ ఒంట్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా సహజంగానే ఉంటుంది. మగదాని ఒంట్లో ఒక రకం, ఆడదాని ఒంట్లో ఇంకో రకం ఉంటే జత కట్టినా గుడ్లు పొదగవు. మా భాషలో చెప్పాలంటే వెర్షన్ మిస్‌మ్యాచ్. అందుకని వేరే రకం వోల్బాకియా ఉన్న మగ దోమల్ని పెంచి అడవిలో వదులుతున్నారు. మగ దోమ కుట్టదు, పూల తేనె తాగి బతుకుతుంది. 2023 చివర్లో మౌయి కొండల మీద హెలికాప్టర్ల నుంచి మొదలుపెట్టి వారానికి లక్షల సంఖ్యలో వదిలారు, తర్వాత డ్రోన్లు కూడా వచ్చాయి. పక్షుల్ని కాపాడటానికి దోమల్ని వదలడం వినడానికి వింతగా ఉంటుంది గానీ, లెక్క సరైనదే. దోమలు తగ్గినంత కాలం పక్షులకి ఊపిరి దొరుకుతుంది.

ఈ ఆలోచన కూడా పక్షుల కోసం పుట్టింది కాదు. 1967లో లావెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త బర్మాలో ఒక్పో అనే పల్లెలో, కుదరని జత మగ దోమల్ని వదిలి ఆ ఊళ్లో క్యూలెక్స్‌ని అణచి చూపించారు. ఎందుకో తెలుసా? ఫైలేరియా కోసం. మా నానమ్మ కాలు లాంటి కాళ్ల కోసం మొదలైన పని, ఇవాళ ఎక్కడో ఎర్ర పక్షికి పనికొస్తోంది.

ఇంకో చిన్న కబురు. హవాయి కింది ప్రాంతాల్లో అమకిహి అనే పక్షి మలేరియా ఉన్నా బతకడం మొదలుపెట్టింది. చచ్చినవి చావగా, తట్టుకున్నవాటి పిల్లలు మళ్లీ తోటల్లో పాడుతున్నాయి. అన్ని జాతులకీ అంత టైము దొరకదు. దొరికిన ఒకటి దాన్ని వాడుకుంది.

మీటింగ్

ఆదివారం సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ముందు నేను లేచి నిలబడి, తప్పు నాదేనని చెప్పాను. డాక్టర్ గారు చెప్పిన రెండో సగం అప్పుడు చెప్పాను. ఇది పావురాల ఈగ వల్ల పావురాలకి వచ్చేది, మన రక్తంలో బతకదు, దోమ దీన్ని మోయదు, డెంగ్యూకి దీనికి సంబంధమే లేదు.

రెండో అంతస్తు ఆంటీ గారు ఊరుకోలేదు. "అయితే రెట్టల సంగతేంటి బాబూ, మా ఆయనకి ఆయాసం" అన్నారు. ఆవిడ మాట న్యాయమే. ఎండిన రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, అది మలేరియా కాకపోయినా నిజమైన సమస్యే. అందుకని గూడు ట్యాంక్ దగ్గర్నుంచి తీసి టెర్రస్ ఆ చివరికి మార్చాలని, మాస్కు కట్టుకుని, తడిపి శుభ్రం చెయ్యాలని, ఏడు పక్షులకి మించకూడదని తీర్మానం అయింది. మిగతావి వాళ్ల మామ తీసుకెళ్తాడు, జబ్బు తగ్గిందని డాక్టర్ గారు చెప్పాకే.

ఈగ సంగతి కూడా వాడికి చెప్పాను. అది గుడ్డు పెట్టదు. పిల్లని కడుపులోనే పెంచి, గట్టిపడబోయే దశలో గూట్లో చెత్తలో వదులుతుంది. అది నల్లటి గింజలా మారి మూడు నాలుగు వారాలకి ఈగై లేస్తుంది. కాబట్టి ఇరవై రోజులకి ఒకసారి గూడు పూర్తిగా ఖాళీ చేసి, చెత్త తీసి పారేస్తే కొత్త ఈగ పుట్టకముందే పోతుంది. వాడు లెక్కలు వేసుకుని, గోడ మీద క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టుకున్నాడు. పరీక్షల తేదీలకి వాడు అలా చుట్టుకోగా నేను చూళ్లేదు.

మీటింగ్ అయిపోతుంటే నేను ఇంకో మాట అన్నాను. "మనల్ని రాత్రిపూట కుట్టే దోమలు పైనుంచి రావట్లేదు సార్, వెనకనుంచి వస్తున్నాయి." బిల్డింగ్ వెనక మురుగు కాలవ మీద రెండు బండలు పగిలి ఏడాదిన్నర అయింది. సెప్టిక్ ట్యాంక్ గొట్టానికి వల లేదు. పావురాల మీద నలభై మూడు మెసేజ్‌లు పెట్టిన గ్రూపులో కాలవ మీద ఒక్కటీ లేదు. సెక్రటరీ గారు కాసేపు ఏం మాట్లాడలేదు. "బండలకి కొటేషన్ తెప్పిద్దాం" అన్నారు. గొట్టానికి వల నేనే కొనుక్కొచ్చి కట్టాను, నూట ఇరవై రూపాయలయింది. బండలు ఇంకా రాలేదు. ఈ కాలమ్ లింకు గ్రూపులో పెడుతున్నాను, ఈసారి పూర్తిగా చదివాకే.

తెల్ల పావురం బతికింది. దాని గూట్లో ఉన్న రెండు పిల్లల్లో ఒకటి బతకలేదు. వాడు దాన్ని కాంపౌండ్ గోడ పక్కన పాతిపెట్టాడు. మర్నాడు పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే మెట్ల దగ్గర ఆపి, "అన్నా, హవాయిల ఆ ఒక్కటి మిగిలింది అన్నవ్ గదా, దానికి జత దొరికిందా?" అని అడిగాడు.

సాయంత్రం వచ్చి చూసి చెప్తానన్నాను.